తిన్నది ఒంటికి పట్టక

మా అమ్మ నాతో అబద్ధాలాడిన సందర్భాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిల్లో అన్నిటికన్నా పెద్దది, ఆవిడ దృష్టిలో అసలు అబద్ధమే కాదు. ఇన్నేళ్ళ తరవాత తిరగేసి చూస్తే నా దృష్టిలో కూడా కాదేమో అనిపిస్తుంది. ఆ సంగతి నాకింకా తేలలేదు. రాస్తే తేలుతుందేమోనన్న ఆశతో రాస్తున్నాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు పేల్చేసిన మరుసటి ఏడాది అది. నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. అమ్మ ఏలూరికి అవతల, కొల్లేరు అంచున ఉన్న మా ఊళ్ళో ఒక్కతే ఉండేది. మిషను వాళ్ళు పెట్టిన బళ్ళో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైంది. నాన్న నా చిన్నప్పుడే పోయారు. నాకు పెళ్ళి కాలేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు. అంచేత లోకం మొత్తమ్మీద అమ్మకి నేను, నాకు అమ్మ.

ఒక శనివారం మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ అరుగు మీద కూచుని జాకెట్లకి లోపలి కుట్లు వేసుకుంటోంది. ఉన్న జాకెట్లన్నీ వదులైపోయాయట. చేతికున్న రెండు గాజులూ మోచేతి దాకా జారుతున్నాయి. ఇదేంటమ్మా ఇలా అయిపోయావంటే, "వయసు మీద పడుతోంది కదే" అంది. వయసు మీద పడితే మనుషులు ముడతలు పడతారు గానీ సగమైపోరు. గట్టిగా నిలదీస్తే ఒక్కొక్కటే బయటపడింది. ఆరేడు నెలలుగా రోజుకి అయిదారుసార్లు విరేచనాలు. నాలిక ఎర్రగా పూసిపోయి కారం తగిలితే కళ్ళనీళ్ళు. సాయంత్రానికి పాదాలు వాపు. ఇవన్నీ నాకెందుకు చెప్పలేదంటే, నాకు సెలవు దొరకదని చెప్పలేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. అరిచి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట: "టీచరుగారికి తిన్నది ఒంటికి పట్టట్లేదండీ." మా వైపు బక్కపల్చగా ఉన్న ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ చూసి అనే మాటే అది. అది ఒక జబ్బనీ, దాన్ని పట్టుకోవడానికి డాక్టర్లు నెలల తరబడి వెతుకుతారనీ నాకప్పటికి తెలీదు.

మా సంఘంలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా చూడ్డానికి వచ్చేవాళ్ళు వట్టి చేతుల్తో రారు. బ్రెడ్డు పాకెట్టో, పాలల్లో కలుపుకునే బలం పొడి సీసానో పట్టుకొచ్చి, తలమీద చెయ్యివేసి ప్రార్థన చేసి వెళ్తారు. అమ్మ మంచం పక్కన బల్ల మీద ఎప్పుడు చూసినా నాలుగు బ్రెడ్డు పాకెట్లు ఉండేవి. జ్వరం వచ్చినవాళ్ళకి బ్రెడ్డూ పాలే కదా పెట్టేది. నేనే దగ్గర కూచుని, పాలల్లో ముంచి, ఒక్కో ముక్కా నోట్లో పెట్టి, "ఇంకొక్కటి తినమ్మా" అని బతిమాలేదాన్ని. తింటే మళ్ళీ పెరట్లోకి పరుగు.

ఏలూరులో కడుపు జబ్బులు చూసే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. నెమ్మదస్తుడు. ప్రతి మాటకీ అండీ తగిలిస్తారు. తూకం చూస్తే ముప్ఫై ఎనిమిది కిలోలు. రక్తం సగానికి సగం లేదు. ఐరన్ బిళ్ళలు రాసి నెల తరవాత రమ్మన్నారు. నెల తరవాత రక్తం అంతే ఉంది, తూకం మాత్రం ఒక కిలో తగ్గింది. బిళ్ళలు సరిగ్గా వేసుకోలేదని నేను అమ్మని కసిరాను. డాక్టరుగారు నన్ను ఆపి, "బిళ్ళ లోపలికెళ్ళింది గానీ ఒంట్లోకెళ్ళలేదండీ" అన్నారు. ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకర్థం కాలేదు. నోట్లో వేసుకున్నది ఒంట్లోకి కాక ఇంకెక్కడికి పోతుంది?

మొదట మలపరీక్ష. పురుగులున్నాయేమో చూడాలన్నారు. మూడు రోజులు మూడు డబ్బాలు. ఆ డబ్బాని సంచీలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఏలూరు దాకా వెళ్తుంటే పక్కనున్నావిడ "ఏం పచ్చడండీ?" అని అడిగింది. మామిడికాయ అన్నాను. ఏం చెప్పను మరి. పురుగులు లేవుగానీ, మలంలో కొవ్వు తేలుతోందన్నారు. అంటే అమ్మ తిన్న నెయ్యీ నూనే ఒంటికి పట్టకుండా బయటికి పోతోందట. ఇలా పోవడానికి రెండు దారులున్నాయి, అరిగించే రసం ఊరకపోవడం ఒకటి, పీల్చుకునే పేగు పాడవడం రెండోది, ఏదో తేల్చాలన్నారు.

అది తేల్చడానికి ఇంకో పరీక్ష. పొద్దున్నే పరగడుపున ఒక రకం చక్కెర కలిపిన నీళ్ళు తాగించి, అయిదు గంటలపాటు పోసిన మూత్రమంతా పట్టించారు. ఆ చక్కెరకి అరిగే పని లేదట, పేగు గోడ బాగుంటే చాలు, తిన్నగా రక్తంలోకి వెళ్ళి మూత్రంలో దిగుతుందట. సాయంత్రం డాక్టరుగారు కాగితం చూసి, "మూత్రంలో చక్కెర దాదాపు లేదండీ" అన్నారు, మొహం చిన్నబుచ్చుకుని.

అమ్మ మొహం వెలిగిపోయింది. "అమ్మయ్య, దేవుడికి స్తోత్రం" అంది.

"అది మంచిది కాదమ్మా. ఉండాలి."

"మూత్రంలో చక్కెర ఉండాలా అండీ?"

"ఈ పరీక్షలో ఉండాలమ్మా."

మా ఊళ్ళో మూత్రంలో చక్కెర పడ్డవాళ్ళందరూ అన్నం మానేసి ఏడుస్తుంటే, మా అమ్మకి పడనందుకు మేం ఏడవాలి. బయటికొచ్చి బస్టాండులో కూచుని అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ముందు అమ్మే నవ్వింది.

తరవాత గొట్టం పరీక్ష. నోట్లోంచి గొట్టం దింపి, చిన్నపేగు మొదట్లో నాలుగు చోట్ల గిల్లినట్టుగా ముక్క తీశారు. నెప్పి ఉండదన్నారు గానీ, అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకి మర్నాటికి కూడా గోళ్ళ గుర్తులు పోలేదు. వారానికి రిపోర్టొచ్చింది. అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. లైబ్రరీలో ఉన్న నిఘంటువులన్నీ తిరగేశాను. ప్రతి మాటకీ అర్థం దొరికింది గానీ అన్నీ కలిపితే ఏమిటో తెలీలేదు.

డాక్టరుగారే చెప్పారు. "మన ఏలూరు తివాచీలు చూశారు కదండీ? పైన ఊలు పోగులు గుబురుగా నిలబడి ఉంటాయి. చిన్నపేగు లోపల అలాగే ఉండాలి. ఆ పోగులే తిండిని పీల్చుకునేది. అమ్మగారికి ఆ పోగులన్నీ అరిగిపోయి, గోనెపట్టాలా నున్నగా అయిపోయిందండీ."

అమ్మ తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది.

ఇలా అరగడానికి మన వేడి ప్రాంతాల్లో నీళ్ళవల్లో సూక్ష్మజీవులవల్లో వచ్చే జబ్బొకటి ఉందట. గోధుమ పడక వచ్చేది ఇంకొకటి ఉందట. రెండిట్లోనూ పేగు చూడ్డానికి ఒకేలా ఉంటుంది. "గోధుమ తింటారామ్మా?" అని అడిగారు.

"లేదండీ. మాది అన్నం తినే ఇల్లు. చపాతీ నా జన్మలో చేసుకోలేదు" అంది అమ్మ.

నేనూ తల ఊపాను. అది పచ్చినిజం. మా ఇంట్లో చపాతీల కర్రే లేదు. డాక్టరుగారు ఆ రెండోదాన్ని పక్కన పెట్టి, మొదటిదానికి మూడు నెలల మందు రాశారు. నేను అమ్మని తాడేపల్లిగూడెంలో నా గదికి తెచ్చేసుకున్నాను. ఎన్ని చెప్పినా వినకుండా నెలకోసారి మాత్రం మా ఊరు వెళ్ళొచ్చేది. మొదటి ఆదివారం మా చర్చిలో బల్ల కదా, ప్రభువు రాత్రి భోజన సంస్కారం. మా గుళ్ళో ప్రభువు బల్లకి రొట్టె చేసేది అమ్మే. నేను పుట్టకముందు నించీ అమ్మే. అది మానమంటే ఊపిరి మానమన్నట్టు చూసేది.

గూడెంలో ఉన్నన్నాళ్ళూ కాస్త తేరుకునేది. ఊరు వెళ్ళొచ్చిందంటే వారం రోజులు మళ్ళీ మొదటికే. మందు సగం పనిచేస్తోందని డాక్టరుగారూ, కొల్లేటి నీళ్ళు పడట్లేదని నేనూ తీర్మానించుకున్నాం. మూడు నెలలకి అమ్మ తూకం ముప్ఫై ఆరు. ఒకరోజు కళ్ళజోడు అద్దం పగిలితే, వచ్చే నెల జీతమొచ్చాక కొత్తది చేయిద్దామన్నాను. "వచ్చే నెల సంగతి ఇప్పుడెందుకులే" అంది, ఏ విచారమూ లేకుండా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. ఆ రోజు నించీ అమ్మ నోట వచ్చే నెల అన్న మాట నేను వినలేదు. అమ్మ పోతుందని నాకు మొదటిసారి భయం వేసింది ఆ పూటే.

అప్పుడు డాక్టరుగారు ఎందుకైనా మంచిదని రక్తం తీసి హైదరాబాదు పంపించారు. గోధుమ పడని ఒళ్ళు ఆ గోధుమ మీద యుద్ధానికి రక్తంలో ఏదో తయారు చేసుకుంటుందట, అది ఎంతుందో లెక్కకడతారట. అమ్మ రక్తంలో అది బోలెడుంది. డాక్టరుగారు కాగితం కేసీ, అమ్మ కేసీ మార్చి మార్చి చూశారు.

"మరి గోధుమ తినరన్నారు కదమ్మా?"

"తిననండీ."

"బ్రెడ్డు?"

"బ్రెడ్డంటే, జబ్బుపడ్డాక తింటున్నానండీ. అందరూ తెస్తున్నారు."

"ఉప్మా?"

"అది రవ్వ కదండీ."

"రవ్వ దేంతో చేస్తారమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. లైబ్రరీలో వేల పుస్తకాల మధ్య కూచునే మనిషిని, బొంబాయి రవ్వ దేంతో చేస్తారో నా బుర్రకి తట్టలేదు. సేమియా, మైదా బిస్కెట్లు, బలం పొడి, అన్నిట్లోనూ అదే. మా వైపు గోధుమంటే చపాతీ, అంతే. తక్కినవన్నీ వాటి వాటి పేర్లతో మా ఇంట్లోకి వచ్చేశాయి. జబ్బు చేసిందని మేం ప్రేమగా పెట్టిన ప్రతి ముక్కా ఆ జబ్బుకే మేత వేసింది. "ఒంటికి పట్టేవి పెట్టాలని చూశాను" అన్నాను డాక్టరుగారితో, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు. ఆయన, "అందరం అదే పెడతామండీ, నేనూ పెట్టి ఉండేవాణ్ణి" అన్నారు. పిల్లలకి కూడా రావచ్చని నా రక్తం కూడా తీశారు. నాది శుభ్రంగా వచ్చింది. అమ్మ సంతోషించింది. నాకెందుకో సిగ్గేసింది.

ఆ రోజే గూడెం వచ్చి వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించాను. రవ్వ, సేమియా, బిస్కెట్లు, ఆఖరికి ఇంగువ కూడా. అందులో పిండి కలుపుతారని ఎవరో అన్నారు. అమ్మకి అన్నం, ఇడ్లీ, చేపలపులుసు, పప్పు. పదిహేను రోజులకి నాలిక పూత తగ్గింది. పాదాల వాపు తీసింది. రెండు కిలోలు పెరిగింది. నేను కాలేజీలో అందరికీ చెప్పుకున్నాను.

తరవాత ఆ మొదటి ఆదివారం ఊరు వెళ్ళొచ్చింది. మంగళవారం నించీ మళ్ళీ విరేచనాలు.

ఆ ఆరు నెలలూ నేను పడిన అయోమయం ఇంతా అంతా కాదు. మూడు వారాలు బాగుంటుంది, ఒక వారం పడుకుంటుంది. పెరిగిన కిలో జారిపోతుంది. నీళ్ళే అనుకున్నాను. కొల్లేటి నీళ్ళు తాగొద్దని గూడెంలో పెద్ద క్యాను కొని, నింపి, రైల్లో ఏలూరు దాకా, అక్కణ్ణించి చేపల లారీల వెనక ఈడుస్తూ పోయే ఆ బస్సులో ఊరిదాకా మోయించాను. అయినా అంతే. చేపలు ఓ నెల మానిపించాను. అంతే. ప్రయాణం బడలికేమో అని కారు మాట్లాడాను. అంతే.

ఆరు నెలలకి మళ్ళీ రక్తం హైదరాబాదు వెళ్ళింది. గోధుమ పూర్తిగా మానేస్తే ఆ లెక్క పడిపోవాలట. పడాల్సినంత పడలేదు. డాక్టరుగారు మొదటిసారి కాస్త గట్టిగా మాట్లాడారు. "ఎక్కణ్ణించో వెళ్తోందండీ. ఇలాగే ఉంటే పేగు మళ్ళీ మొలవదు. ఈసారి ఈవిడ తట్టుకోలేరు." అమ్మకి ఒక నోటుపుస్తకం పెట్టమన్నారు. నెలరోజులు ఏం తిన్నా, చిటికెడైనా, రాయాలి.

అమ్మ టీచరు కదా, దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. మార్జిను గీసి, తేదీ వేసి, పూటపూటకీ రాసింది. నానిన సెనగలు తిన్నా ఎన్నో లెక్కపెట్టి రాసింది. మొదటి ఆదివారం దగ్గర, ఉదయం ఉపవాసం, తరవాత ఆరాధన, మధ్యాహ్నం అన్నం, కొర్రమీను పులుసు, మజ్జిగ అని ఉంది. నేనే ఆ పుస్తకం రెండుసార్లు చదివాను. డాక్టరుగారు మూడోసారి చదివారు. ఎక్కడా తప్పు దొరకలేదు. ఆయన పుస్తకం మూశారు. ఇంకోసారి గొట్టం వేద్దామా అన్నట్టు మొదలెట్టి, అమ్మ మొహం చూసి ఆగిపోయారు.

తరవాతి మొదటి ఆదివారానికి అమ్మతో నేనూ ఊరు వెళ్ళాను. ఆ నీళ్ళ గుట్టు తేల్చుకోవాలని వెళ్ళాను తప్ప భక్తితో కాదు. నేను గూడెంలో గుడికి వెళ్ళి చాలా కాలమైంది. శనివారం సాయంత్రం అమ్మ స్నానం చేసి, తలమీద కొంగు కప్పుకుని, పిండి కలిపింది. చేత్తోనే తట్టి, పెనం మీద రొట్టెలు కాల్చి, చల్లారాక చాకుతో చిన్న చిన్న ముక్కలు కోసి, తెల్ల గుడ్డ కప్పింది. నేను పక్కనే కూచుని పేపరు చదువుకుంటున్నాను. ఆ పిండి నా కళ్ళెదురుగానే ఉంది. చిన్నప్పటి నించీ చూస్తున్నదే. నాకేమీ అనిపించలేదు. తిండి అన్న మాట వింటే బల్ల మీది రొట్టె గుర్తొచ్చే ఇల్లు కాదు మాది.

ఆదివారం గుళ్ళో జనం లేరు. గట్లు పోయాక చెరువుల మీద పని పోయింది, పనితో పాటు మనుషులూ పోయారు. వెనక బెంచీలన్నీ ఖాళీ. పాస్టరుగారికి మూడు ఊళ్ళున్నాయి. బల్ల అయీ అవగానే అందరికీ వందనాలు చెప్పి, మోటారుసైకిలెక్కి ఇంకో ఊరు వెళ్ళిపోయారు. అమ్మ కోసం చూసి చూసి, గుడి వెనక ఉన్న చిన్న గదిలోకి వెళ్ళాను.

అమ్మ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. తల మీద కొంగు. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో మిగిలిన రొట్టె ముక్కలు, గుప్పెడు కాదు, రెండు గుప్పిళ్ళు. ఒక్కొక్కటే తీసి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నములుతోంది.

మా గుళ్ళో ఆచారం అది. ప్రార్థించిన రొట్టె మర్నాటికి ఉంచరు, పారెయ్యరు, కోళ్ళకి వెయ్యరు. చేసినవాళ్ళే మిగిలింది తిని పళ్ళెం కడగాలి. నాకు తెలుసు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఇదే గదిలో అమ్మ పక్కన నిలబడి ఇదే చూశాను. ఆ నోటుపుస్తకం నేనే రాసినా ఈ సంగతి రాసేదాన్ని కాదు.

"అమ్మా! ఏం తింటున్నావు?" అని కేక వేశాను.

అమ్మ ఉలిక్కిపడి, నోట్లోది మింగాక గానీ మాట్లాడలేదు. "ఎందుకే గుళ్ళో అరుస్తావు?"

"గోధుమ తిననని ఆయనకి చెప్పావు. రాసిచ్చావు."

"తినలేదు."

"మరిదేంటి?"

"ఇది తిండి ఎలా అవుతుందే?" అంది. నిజంగా అడిగింది.

"పోనీ, అంతమంది లేరని తెలుసు కదా. పిండి తగ్గించి కలపొచ్చు కదమ్మా. ఇంత మిగిలేది కాదు."

"ముప్ఫై ఏళ్ళుగా అదే కొలత. నేను తగ్గించి చేస్తే, వాళ్ళింక రారని నేనే అనుకున్నట్టు కదా" అంది అమ్మ.

అప్పుడు అర్థమైంది నాకు. ఊరు ఖాళీ అవుతున్నకొద్దీ పళ్ళెంలో మిగిలేది పెరిగింది. పనికోసం ఎక్కడెక్కడికో పోయిన వాళ్ళందరి ముక్కలూ ఏడాదిన్నరగా మా అమ్మ ఒక్కతే తింటోంది. కోపం వచ్చింది నాకు. అమ్మ మీదా, చెరువుల మీదా, మోటారుసైకిలెక్కిపోయిన పాస్టరుగారి మీదా, నా మీదా. ఎవరి మీద నిలపాలో తెలీక ఆ పళ్ళెం లాక్కుని నిలబడ్డాను. లాక్కున్నాను గానీ, దాన్నేం చెయ్యాలో నాకూ తెలీదు. పారెయ్యడానికి నాకే చేతులు రాలేదు. ఆఖరికి నేనే తిన్నాను, ఏడుస్తూ.

వారంలో ఏలూరు వెళ్ళాం. జరిగింది నేను చెప్పాను. డాక్టరుగారు విన్నారు. ఒక్క ముక్క తిన్నా ఒకటే, పది తిన్నా ఒకటే, పేగు మళ్ళీ అరుగుతుందన్నారు. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచుని, ఒకే ఒక మాట అడిగింది.

"ప్రార్థన చేశాక కూడానా బాబూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వుతారేమో, నవ్వితే లేచి వెళ్ళిపోదామని నేను సిద్ధంగా ఉన్నాను. నవ్వలేదు. "పేగుకి తెలీదమ్మా" అన్నారు, ఆ పేగు తరఫున తను క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. బస్సులో గూడెం వచ్చేశాం. దేవుడి రొట్టె తనకి జబ్బెలా చేస్తుందని ఆవిడ నన్ను అడగలేదు. అడిగితే బాగుండుననీ, అడగకపోతే బాగుండుననీ రెండూ అనిపించాయి నాకు.

పాస్టరుగారు మంచివారు. సంగతి విని కంగారుపడి, "టీచరుగారికి వేరేగా బియ్యప్పిండితో ఒక ముక్క చేసి పెట్టుకుందామండీ, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. అందరిదీ ఒకటే రొట్టె కాకపోతే అది బల్లెలా అవుతుందని ఆవిడ వాదన. గిన్నెలో ద్రాక్షరసం మాత్రం తీసుకుంటాను, రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు చెయ్యి వెయ్యనంది. పిండి గాల్లో లేచినా మంచిది కాదని డాక్టరుగారు చెప్పడంతో రొట్టె చెయ్యడం కూడా మానుకుంది. సంఘంలో ఇంకొకరికి అప్పగిద్దామన్నాను. అమ్మ నా కేసి చూసింది. చూసిన చూపుకి నేను శనివారాలు సెలవు పెట్టడం మొదలెట్టాను.

మొదటిసారి నేను రొట్టె చేసిన రోజు, అమ్మ వంటింటి గుమ్మం బయట, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, కుర్చీలో కూచుంది. అక్కణ్ణించే పాఠం చెప్పింది. నీళ్ళు ఒక్కసారి పొయ్యకు. పెనం అంత కాలకూడదు. కొలత తగ్గించబోతే ఒప్పుకోలేదు. మర్నాడు గుళ్ళో పళ్ళెం తన ముందుకి వచ్చినప్పుడు, అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుంది. పళ్ళెం పక్కకి వెళ్ళిపోయింది. అంతకన్నా కష్టమైన పని అమ్మ చెయ్యగా నేను చూడలేదు.

ఆరాధనయ్యాక వెనక గదిలోకి వెళ్ళాం. నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలీదు. తల మీద చున్నీ కప్పుకుని, గోడ వైపు తిరిగి, మిగిలిన ముక్కలు ఒక్కొక్కటే తిన్నాను. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది. మెత్తగా వచ్చింది" అన్నాను.

"అబద్ధం. నీ దవడలు చూస్తే తెలుస్తోంది. చెప్పులా వచ్చింది" అని, నా చేతిలో పళ్ళెం కేసి చూసి, "వచ్చే నెల నీళ్ళు కాస్త గోరువెచ్చగా పొయ్యి" అంది అమ్మ.

వచ్చే నెల అంది. పళ్ళెంలోంచి ఇంకో ముక్క తీసుకున్నాను.